ఒళ్లు వంగనివారికి ఆసనాలు: సులభాసనాల చరిత్ర

పరిచయం

"నాకు ఒళ్లు వంగదండీ, యోగా నా వల్ల కాదు" అనే మాట మీరు చాలాసార్లు విని ఉంటారు. మీరే అని ఉండవచ్చు కూడా. తెలుగులో ఒళ్లు వంగకపోవడం అంటే బద్ధకం అనే అర్థం ఒకటి ఉంది. అందువల్ల ఈ మాట అనేవాళ్లు కొంచెం సిగ్గుపడుతూనే అంటారు. నిజానికి రోజుకు పది గంటలు లారీ నడిపే మనిషినో, కుట్టు మిషను ముందు కూర్చునే మనిషినో కాళ్లు చాపి కూర్చుని కాలి వేళ్లు పట్టుకోమంటే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. అది బద్ధకం కాదు. చేసే పని శరీరాన్ని ఆ విధంగా మలిచింది.

ఈ మాట వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. ఆసనం అంటే కష్టమైన భంగిమ అనీ, అది విల్లులా వంగే శరీరాలకే సాధ్యమనీ, కొత్తవారికి నేర్పే తేలికపాటి ఆసనాలు అసలు యోగానికి నీళ్లు కలిపిన రూపాలనీ చాలామంది అనుకుంటారు. చరిత్ర విద్యార్థులుగా మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఈ నమ్మకం ఎప్పటిది? ఎవరి అవసరం వల్ల ఏర్పడింది? సులభాసనాలు నిజంగానే నిన్న మొన్నటివా?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి మనకు మూడు రకాల ఆధారాలు ఉన్నాయి. మొదటివి సంస్కృత గ్రంథాలు. రెండోవి దేవాలయాల గోడల మీద, స్తంభాల మీద చెక్కిన యోగుల బొమ్మలు. మూడోవి ఇరవయ్యో శతాబ్దపు ఫొటోలు, ముద్రిత పుస్తకాలు, గురుశిష్యుల జ్ఞాపకాలు. ఈ మూడూ ఒకే కథ చెప్పవు. వాటి మధ్య తేడాలోనే మనకు కావలసిన విషయం ఉంది.

ఆసనం అంటే కూర్చోవడం

"ఆసనం" అనే మాటకు మూలమైన ధాతువుకు కూర్చోవడం అని అర్థం. మనం ఇప్పటికీ ఇంటికి వచ్చిన పెద్దలను "ఆసీనులు కండి" అంటాం. సుమారు సా.శ. 4వ శతాబ్దానికి చెందినవని చాలామంది పండితులు భావించే పతంజలి యోగసూత్రాలలో ఆసనం గురించి ఉన్నది మూడే సూత్రాలు. స్థిరంగానూ సుఖంగానూ ఉండాలన్నది మొదటి సూత్రం సారం. ప్రయత్నాన్ని సడలించడం వల్ల అది కుదురుతుందని రెండోది చెబుతుంది. ఒంటి కాలి మీద నిలబడమని గాని, తలకిందులు కమ్మని గాని పతంజలి ఎక్కడా చెప్పలేదు. ధ్యానానికి కూర్చున్న మనిషికి మోకాలి నొప్పి, నడుము నొప్పి అడ్డు రాకూడదన్నదే ఆయన ఉద్దేశం.

ఈ సూత్రాల మీద వ్యాసభాష్యం అని పేరుపొందిన ప్రాచీన వ్యాఖ్యానం కొన్ని ఆసనాల పేర్లు చెబుతుంది. పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికాసనం, దండాసనం అన్నవి మనకు తెలిసిన పేర్లే. ఆ జాబితాలో "సోపాశ్రయం" అనే పేరు ఒకటి ఉంది. ఉపాశ్రయం అంటే ఆనుకోవడానికి ఉపయోగపడే ఆధారం. ఆ ఆధారంతో కూర్చునేది సోపాశ్రయం. తరువాతి కాలపు వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు దీన్ని యోగపట్టంతో కూర్చోవడంగా వివరించాడు.

యోగపట్టం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మీరు లైబ్రరీకి వెళ్లనక్కరలేదు. అయ్యప్ప స్వామి పటం చూడండి. ఆయన మోకాళ్ల చుట్టూ ఒక పట్టీ బిగించి ఉంటుంది. హంపిలోని పెద్ద నరసింహ విగ్రహానికీ, మన ప్రాంతంలో యోగనరసింహ మూర్తులకూ అలాంటి పట్టీయే కనిపిస్తుంది. భక్తులు దాన్ని దైవచిహ్నంగా చూస్తారు. పని తీరులో చూస్తే అది సాధనం. మోకాళ్లు పైకి పెట్టుకుని ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు పక్కలకు జారిపోతాయి, నడుము వెనక్కి ఒరిగిపోతుంది. నడుము వెనుక నుంచి మోకాళ్ల ముందుకు చుట్టిన పట్టీ ఆ బరువును తాను మోస్తుంది. కండరాలు శ్రమపడవలసిన పని గుడ్డముక్క చేసిపెడుతుంది. ఈనాటి యోగా తరగతిలో ఒళ్లు వంగని విద్యార్థి చేతికి ఇచ్చే బెల్టును చూసి నవ్వేవాళ్లు ఈ విగ్రహాలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆధారం తీసుకోవడం మన యోగ సంప్రదాయంలో చాలా పాత పద్ధతి.

హఠయోగులు, శ్రీశైలం గోడ, వేమన

మరి కష్టాసనాలు ఎక్కడ నుంచి వచ్చాయి? అవి ఇరవయ్యో శతాబ్దపు కల్పన అని కొందరు తేల్చిపారేస్తారు. అది సరైన నిర్ణయం కాదు.

హఠయోగం అనే పేరుతో సాధన నేర్పిన తొలి గ్రంథాలలో ఒకటి దత్తాత్రేయ యోగశాస్త్రం. ఇది సుమారు 13వ శతాబ్దానిది. ఆసనాలు ఎనభై నాలుగు లక్షలు ఉన్నాయని చెప్పి, అది వివరించేది మాత్రం పద్మాసనం ఒక్కటే. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు కూర్చిన హఠప్రదీపికలో పదిహేను ఆసనాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కూర్చుని చేసేవే. చేతుల మీద శరీరాన్ని నిలిపే మయూరాసనం, కుక్కుటాసనం వంటి కష్టమైనవి ఉన్నాయి. వాటి పక్కనే నేల మీద వెల్లకిలా పడుకునే శవాసనం కూడా ఉంది. అలసట తీరడానికి దాన్ని చెప్పారు. తరువాతి ఘేరండ సంహితలో ఆసనాల సంఖ్య ముప్పై రెండు అయింది. నిలబడి కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగే త్రికోణాసనం వంటివి ఈ గ్రంథాలలో కనిపించవు.

దత్తాత్రేయ యోగశాస్త్రంలోనూ హఠప్రదీపికలోనూ మన ప్రశ్నకు నేరుగా సంబంధించిన భావం ఒకటి ఉంది. యువకుడైనా, వృద్ధుడైనా, రోగి అయినా, బలహీనుడైనా అభ్యాసంతో ఫలితం పొందవచ్చునని ఆ గ్రంథాలు చెబుతాయి. మొదటి గ్రంథం ఇంకా ముందుకు వెళ్లి, బ్రాహ్మణుడు, బౌద్ధుడు, జైనుడు, కాపాలికుడు, చివరకు చార్వాకుడు అయినా సరే సాధన చేస్తే చాలునంటుంది. ప్రవేశానికి శరీరం వంగే గుణాన్ని అర్హతగా ఎవరూ పెట్టలేదు.

ఇక శిల్పాల సాక్ష్యం చూద్దాం. శ్రీశైలం మల్లికార్జున ఆలయ ప్రాకారపు గోడ మీద 16వ శతాబ్దం తొలినాళ్ల శిల్పాలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఏనుగులు, వేట, యుద్ధం, శివకథల మధ్యలో యోగులు, సిద్ధులు కనిపిస్తారు. వాళ్లలో కొందరు గ్రంథాలలో లేని సంక్లిష్ట భంగిమలలో ఉన్నారు. హంపి దేవాలయాల స్తంభాల మీద కూడా ఇలాంటివి ఉన్నాయి. అంటే, గ్రంథం పదిహేను ఆసనాలతో ఆగిపోయిన కాలంలో శిల్పి అంతకంటే ఎక్కువ చూశాడన్నమాట. దారిన పోయే యాత్రికులకు, సంతలో జనానికి ఒంటి విన్యాసాలు చూపిన సాధువులు ఆనాడు ఉన్నారనుకోవడానికి ఇది ఆధారం. అయితే శిల్పి ఏ భంగిమను ఎన్నుకుంటాడో కూడా ఆలోచించాలి. మామూలుగా కూర్చున్న మనిషి కన్నా మెలి తిరిగిన మనిషి రాయి మీద బాగా కనిపిస్తాడు. శిల్పం చూసి సాధన అంతా అలాగే ఉండేదని చెప్పడం, సర్కస్ పోస్టరు చూసి ఊరంతా గడకర్ర మీద నడిచిందని చెప్పడం లాంటిది.

ఈ విన్యాసాలను మెచ్చనివారు ఆనాడే ఉన్నారు. ఆసనాల పేరుతో అవయవాలు బిగించి ఒళ్లు విరుచుకునే యోగం మల్లయోధుల సాము కన్నా ఒక మెట్టు తక్కువేనని వేమన పేరుతో ప్రచారంలో ఉన్న పద్యం ఒకటి ఎగతాళి చేస్తుంది. యోగి వేమన అని మనం పిలుచుకునే కవి పేరు మీదే ఆ పద్యం ఉండడం విశేషం. శరీరాన్ని ఎంత వంచగలవన్నది యోగానికి కొలత కాదని తెలుగునాట చాలాకాలం క్రితమే ఒకరు గట్టిగా అన్నారు.

బొంబాయి, లోనావ్లా: గృహస్థుల కోసం యోగం

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి చదువుకున్న భారతీయులలో హఠయోగానికి మంచి పేరు లేదు. బూడిద పూసుకుని ముళ్ల మీద పడుకునేవాళ్ల విద్యగా దాన్ని చూసేవారు. ఈ స్థితిని మార్చినవారిలో ఇద్దరు ఒకే గురువు శిష్యులు. నర్మదా తీరంలోని మాల్సర్‌లో ఉండిన పరమహంస మాధవదాసు ఆ గురువు. శిష్యులలో ఒకరు మణిభాయి హరిభాయి దేశాయి. తరువాత యోగేంద్ర అనే పేరుతో ప్రసిద్ధులయ్యారు. రెండోవారు జగన్నాథ గణేశ గుణే. ఆయనే స్వామి కువలయానంద.

యోగేంద్ర 1918లో బొంబాయి సముద్రతీరంలోని వెర్సోవాలో యోగా ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. సంసారం వదలని మామూలు మనుషులకు, జబ్బు మనుషులకు నేర్పడం ఆయన లక్ష్యం. యువకుడిగా ఉన్నప్పుడు కుస్తీ పట్టిన మనిషి ఆయన. అయినా తన దగ్గరికి వచ్చే గుమాస్తాలకు, వ్యాపారులకు కుస్తీవీరుల శరీరం ఉండదని గుర్తించారు. ఆసనాలను సరళం చేసి చెప్పడమే ఉద్దేశంగా, ఆ మాటనే పేరులో పెట్టి 1928లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆయన భార్య సీతాదేవి యోగేంద్ర 1934లో స్త్రీల కోసం ప్రత్యేకంగా యోగ వ్యాయామం మీద పుస్తకం రాశారు. హఠయోగ గ్రంథాలు ఎక్కువగా మగ సాధకులను ఉద్దేశించి రాసినవే. గర్భం, కాన్పు, ఇంటి చాకిరీ మధ్య ఉన్న శరీరం గురించి ఒక స్త్రీ రాయడం చిన్న విషయం కాదు. చరిత్ర పుస్తకాలు ఆమెకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదనే చెప్పాలి.

కువలయానంద దారి ప్రయోగశాల దారి. 1924లో లోనావ్లాలో కైవల్యధామం స్థాపించి, అదే ఏడాది యోగ మీమాంస పత్రిక మొదలుపెట్టారు. ఎక్స్‌రేలు, ఒత్తిడి కొలిచే పరికరాలతో యోగక్రియల సమయంలో శరీరంలో జరిగే మార్పులను నమోదు చేశారు. 1927లో అనారోగ్యంతో ఉన్న గాంధీజీ ఉత్తరాల ద్వారా ఆయన సలహాలు తీసుకున్నారు. బొంబాయి రాష్ట్రంలో బడిపిల్లలకు, పెద్దలకు ఆయన రూపొందించిన పాఠ్యక్రమాలు మెట్లు మెట్లుగా ఉండేవి. "అర్ధ" అనే విశేషణం ఆ క్రమంలో తరచుగా కనిపిస్తుంది. రెండు కాళ్లూ ఒకేసారి లేపలేనివారికి ఒక కాలు లేపే అర్ధ శలభాసనం. కాళ్లు తల వెనక్కి తీసుకుపోలేనివారికి సగంలో ఆపే అర్ధ హలాసనం. వెన్ను పూర్తిగా తిప్పలేనివారికి వక్రాసనం. పూర్తి ఆసనం రానివారికి సగం ఆసనం ఒక గౌరవమైన పేరుతో దొరికింది. నేర్చుకునేవారి మనసు మీద పేరు చూపే ప్రభావాన్ని తక్కువగా అంచనా వేయకండి. "సరిగా రాలేదు" అనడానికీ "అర్ధాసనం చేశారు" అనడానికీ చాలా తేడా ఉంది.

మైసూరు: ప్రదర్శన కోసం యోగం

ఇదే కాలంలో దక్షిణాన మరో ప్రవాహం మొదలైంది. మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయరు ఆదరణతో తిరుమల కృష్ణమాచార్యులు 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడపడం ప్రారంభించారు. మరుసటి ఏడాది ఆయన కన్నడంలో యోగ మకరందం వెలువరించారు. మైసూరు రాజకుటుంబానికి ఆసనాల మీద ఆసక్తి అప్పటికే ఉంది. 19వ శతాబ్దంలో మూడో కృష్ణరాజ ఒడయరు పేరుతో తయారైన శ్రీతత్త్వనిధిలో 122 ఆసనాల రంగు బొమ్మలు ఉన్నాయి.

యోగశాలకు వచ్చినవాళ్లు ఎవరన్నది ముఖ్యం. వాళ్లలో ఎక్కువమంది చురుకైన మగపిల్లలు. ఎముకలు ఇంకా ముదరని వయసు. వాళ్లకు ఆసనాలను ఒకదాని తరువాత ఒకటిగా, ఊపిరి లెక్కతో, గొలుసుకట్టుగా నేర్పేవారు. ఈ పద్ధతికి ఇంకొక ప్రయోజనం ఉంది. యోగానికి జనాదరణ తేవాలన్నది మహారాజు కోరిక కాబట్టి కృష్ణమాచార్యులు శిష్యులతో ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చేవారు. వేదిక మీద నిలబడిన కుర్రవాడు హాయిగా కాళ్లు మడుచుకుని కూర్చుంటే ఎవరు చూస్తారు? కాలు మెడ మీద వేసుకుంటే చూస్తారు. 1938లో తీసిన మూగచిత్రం ఒకటి నేటికీ మిగిలి ఉంది. దాన్ని చూసినవారికి ఆనాటి ఆకర్షణ ఏమిటో అర్థమవుతుంది.

నార్మన్ స్యోమన్ 1996లోనూ, మార్క్ సింగిల్టన్ 2010లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ కాలపు యోగాభ్యాసం మీద జిమ్నాస్టిక్స్, కుస్తీ, పాశ్చాత్య వ్యాయామ పద్ధతుల ప్రభావం ఉందని వాదించాయి. ఎంత ప్రభావం అన్న దానిపై చర్చ ఇంకా నడుస్తోంది. మన అంశానికి సంబంధించినంతవరకు ఒక విషయం స్పష్టం. కష్టాసనాలు అంతకు ముందే ఉన్నాయి. కాని అవే యోగానికి ముఖచిత్రం కావడం 1930ల తరువాతి పరిణామం. వేదిక, ఫొటో, సినిమా ఈ మూడూ కలిసి ఆ పని చేశాయి. ఫొటో గమ్యాన్ని చూపుతుంది, దారిని చూపదు. పూర్తయిన ఆసనానికే ఫొటో తీస్తారు. మొదటి నెలలో మోకాళ్లు వంచి, ముఖం చిట్లించి చేసినదానికి ఎవరూ తీయరు. అందువల్ల కొత్తవారి శరీరం ఆధారాల నుంచి మాయమైపోయింది.

మోకాళ్లు దాటని చేతులు

విచిత్రం ఏమిటంటే, ఒళ్లు వంగనివారికి తలుపు తెరిచిన మనిషి కూడా ఆ మైసూరు యోగశాల నుంచే వచ్చాడు. బెళ్లూరు కృష్ణమాచార్ సుందరరాజ అయ్యంగార్, అంటే బి.కె.ఎస్. అయ్యంగార్, 1918లో కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టారు. ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తున్న రోజులవి. ఆయన కడుపులో ఉండగా తల్లికి ఆ జబ్బు సోకింది. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఆయన్ను పీడించాయి. 1934లో బావగారైన కృష్ణమాచార్యుల ఇంటికి చేరేటప్పటికి సన్నటి చేతులు కాళ్లు, బరువైన తల. ముందుకు వంగితే చేతులు మోకాళ్లు దాటేవి కావని ఆయనే తరువాత చెప్పుకున్నారు. గురువు మొదట ఆయన్ను పట్టించుకోలేదు. ప్రదర్శన ముందు మరో శిష్యుడు వెళ్లిపోవడంతో ఆ స్థానంలో నిలబెట్టడానికి హడావిడిగా నేర్పారు. రెండు కాళ్లూ ముందుకూ వెనక్కూ పూర్తిగా చాచే హనుమానాసనం బలవంతంగా చేయవలసివచ్చి తొడ వెనుక కండరం చిరిగిందనీ, చాలాకాలం బాధపడ్డాననీ అయ్యంగార్ చెప్పారు.

1937లో ఆయన్ను పుణె పంపారు. అక్కడి కాలేజీ విద్యార్థులు చాలామంది ఆయన కన్నా పెద్దవారు, బలిష్ఠులు. నేర్పవలసినవాడు తనే గంటల తరబడి సాధన చేస్తూ, ఏ కీలు ఎందుకు కదలడం లేదో తన శరీరం మీదే తెలుసుకున్నారు. రోడ్డు పక్క దొరికిన ఇటుకలు, రాళ్లు వాడి చూశారు. క్రమంగా చెక్క దిమ్మలు, బెల్టులు, దుప్పట్లు, గోడకు కట్టిన తాళ్లు, దిండ్లు, మడత కుర్చీలు ఆయన బోధనలో భాగమయ్యాయి. 1952లో బొంబాయిలో కలిసిన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ద్వారా ఐరోపా తలుపులు తెరుచుకున్నాయి. 1966లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథంలో రెండు వందల ఆసనాలకు కష్టాన్ని బట్టి ఒకటి నుంచి అరవై దాకా అంకెలు వేశారు. ఒకటో అంకె తాడాసనానిది. నిటారుగా నిలబడడమే ఆ ఆసనం. ఆ పుస్తకంలోని ఫొటోలు చూసి భయపడినవాళ్లు లక్షల్లో ఉంటారు. కాని మొదటి బొమ్మ నిలబడిన మనిషిదే. 1975లో పుణెలో భార్య రమామణి పేరున స్థాపించిన సంస్థలో కుర్చీ మీద, గోడకు ఆనుకుని, తాళ్ల సాయంతో సాధన చేసిన రోగులు, వృద్ధులు ఎందరో.

ఈ సాధనాలు పనిచేసే తీరు ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చరిత్రకు శరీరశాస్త్రం తోడైతేనే ఈ మార్పు విలువ తెలుస్తుంది. తొడ వెనుక కండరాలు కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కిందికి వెళ్లి అతుక్కుంటాయి. ఇవి బిగుసుకుపోయిన మనిషి కాళ్లు చాపి కూర్చుంటే, అవి కటిని వెనక్కి లాగుతాయి. దాంతో నడుము గూనిలా వంగుతుంది. ఆ స్థితిలో వేళ్లు అందుకోవాలని తంటాలు పడితే వంగేది తుంటి కాదు, నడుము పూసలు. అక్కడే నొప్పి మొదలవుతుంది. పిరుదుల కింద రెండు దుప్పట్లు మడిచి పెడితే కటి ముందుకు ఒరుగుతుంది, వెన్ను నిటారుగా నిలుస్తుంది. మోకాళ్లు కొంచెం వంచితే కండరం సడలుతుంది. పాదానికి తువ్వాలు వేసి రెండు చివరలూ పట్టుకుంటే చేతులు పొడుగైనట్టే. యోగపట్టం చేసిన పనే ఇది. అయ్యంగార్ దాన్ని కొత్తగా కనిపెట్టారని అనడం కన్నా, ఆసరా అనే పాత ఆలోచనను ప్రతి ఆసనానికీ విస్తరింపజేశారని అనడం సబబు.

కీళ్ల నుంచి మొదలుపెట్టినవారు

అదే సమయంలో బీహారులో వేరే పద్ధతి రూపుదిద్దుకుంది. వైద్యుడిగా మలయాలో పనిచేసి సన్యసించిన స్వామి శివానంద శిష్యుడు సత్యానంద సరస్వతి 1960ల తొలినాళ్లలో ముంగేర్‌లో యోగ విద్యాలయం నెలకొల్పారు. 1969లో తొలిసారి ప్రచురితమైన ఆయన ఆసన గ్రంథం తాడాసనంతో గాని పద్మాసనంతో గాని మొదలుకాదు. కాలి వేళ్లు ముడవడం, చాపడంతో మొదలవుతుంది. తరువాత చీలమండ, మోకాలు, తుంటి, వేళ్లు, మణికట్టు, భుజం, మెడ. పవనముక్తాసన వరుస అని దానికి పేరు. కీళ్లనొప్పులవారు, చాలాకాలం మంచాన ఉన్నవారు, ఒళ్లు బిగుసుకున్నవారు అక్కడ మొదలుపెట్టాలన్నది ఆయన సూచన. ధీరేంద్ర బ్రహ్మచారి ప్రచారం చేసిన సూక్ష్మ వ్యాయామం కూడా దీనికి దగ్గరి చుట్టమే. నేడు మన బళ్లలో, పార్కుల్లో ఆసనాలకు ముందు చేయించే మెడ, భుజాల కదలికలకు మూలాలు ఇటువైపే వెతకాలి.

కృష్ణమాచార్యుల మాటేమిటి? రాజాదరణ పోయాక 1950లో మైసూరు యోగశాల మూతపడింది. ఆయన మద్రాసు చేరారు. అక్కడ ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ప్రదర్శన కుర్రవాళ్లు కారు. ఉద్యోగులు, రోగులు, ముసలివాళ్లు, స్త్రీలు. బోధన మారిపోయింది. ఒక్కొక్కరికి విడిగా, వాళ్ల శ్వాసను, వయసును, జబ్బును బట్టి ఆసనాన్ని మార్చి చెప్పేవారు. ఆసనానికి మనిషిని సరిపెట్టడం మానేసి మనిషికి ఆసనాన్ని సరిపెట్టే ఈ పద్ధతిని ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం ద్వారా ప్రపంచానికి తెలియజేశారు. ఒకే గురువు. మైసూరులో ఒక యోగం, మద్రాసులో మరొక యోగం. మారింది ఎదురుగా కూర్చున్న విద్యార్థి శరీరం. యోగచరిత్రను గురువుల చరిత్రగా మాత్రమే రాస్తే ఈ విషయం కనబడదు.

2015 నాటి పట్టిక

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. తీర్మానాన్ని 177 దేశాలు సహప్రతిపాదించాయి. మరుసటి జూన్ నాటికి భారత ప్రభుత్వానికి ఒక చిక్కు ఎదురైంది. మైదానంలో వేలమంది ఒకేసారి చేయాలి. వాళ్లలో జీవితంలో మొదటిసారి చాప పరుచుకున్నవాళ్లే ఎక్కువ. ఎవరి నడుమూ పట్టేయకూడదు. ఈ అవసరం నుంచి ఉమ్మడి యోగాభ్యాస క్రమం వచ్చింది. 2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరం నుంచి భోగాపురం వైపు బారులు తీరిన సుమారు మూడు లక్షల మంది చేసింది కూడా ఈ క్రమమే.

దాన్ని మనం ఇప్పుడు చరిత్ర పత్రంగా చదవవచ్చు. మొదట మెడ, భుజాలు, నడుము, మోకాళ్ల కదలికలు వస్తాయి. అవి ముంగేర్‌నూ సూక్ష్మ వ్యాయామాన్నీ గుర్తుకు తెస్తాయి. తరువాత నిలబడి చేసే తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం. ఈ నిలబడే వరుసకు అంత ప్రాధాన్యం దక్కడం ఇరవయ్యో శతాబ్దపు విషయం. కూర్చుని చేసే భద్రాసనం, వజ్రాసనం, శశాంకాసనం, వక్రాసనం వస్తాయి. వీటిలో భద్రాసనం వ్యాసభాష్యం నాటిది, వక్రాసనం లోనావ్లా దారిలో వచ్చింది. బోర్లా పడుకుని మకరాసనం, భుజంగాసనం, శలభాసనం. వెల్లకిలా సేతుబంధం, పవనముక్తాసనం. చివరికి హఠప్రదీపికలోని శవాసనం. శీర్షాసనం లేదు, హనుమానాసనం లేదు. పదహారు వందల ఏళ్ల పొరలు ముప్పావుగంటలో ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి.

మీరు కొత్తగా మొదలుపెట్టేవారైతే ఈ పట్టికలో కూడా మార్పులు చేసుకోవచ్చు. పాదహస్తాసనంలో మోకాళ్లు వంచి, చేతులు నేలకు బదులు కుర్చీ మీద ఆనించండి. వృక్షాసనంలో గోడ పట్టుకుని, పాదాన్ని తొడ మీద కాక చీలమండ దగ్గర ఉంచండి. వజ్రాసనంలో మడమలకూ పిరుదులకూ మధ్య దిండు పెట్టండి. మోకాలు నొప్పిపెడితే ఆ ఆసనం మానేసి కుర్చీలో నిటారుగా కూర్చోండి. భుజంగాసనంలో చేతులు పూర్తిగా చాచకుండా మోచేతుల మీద ఆగండి. కండరం సాగుతున్నట్టు ఉండడం వేరు, కీలులో పోటు రావడం వేరు. రెండోది వస్తే ఆపేయాలి. రక్తపోటు, గుండెజబ్బు, ఇటీవలి ఆపరేషన్, గర్భం ఉన్నవారు ముందు వైద్యుడి సలహా తీసుకోవాలి. ఆసనంలో ఊపిరి బిగబట్టవలసి వస్తోందంటే, మీరు అవసరానికి మించి వంగారని అర్థం. సుఖంగా ఉండాలన్న పతంజలి షరతు అక్కడ తప్పింది.

అభ్యాసం

మీ ఊళ్లో లేదా మీ అధ్యయన కేంద్రం దగ్గర జరిగే యోగా తరగతిలో నేర్పే ఆసనాల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కటి ఈ పాఠంలో చెప్పిన ఏ కాలానికి, ఏ కేంద్రానికి దగ్గరగా ఉందో పక్కన గుర్తించండి. ఆ తరగతికి వచ్చేవారి వయసు, వృత్తి కూడా రాయండి. ఎవరు మొదటి వారంలోనే మానేశారో, ఎందుకు మానేశారో వీలైతే వాళ్లనే అడిగి తెలుసుకోండి. వాళ్ల జవాబులు ఏ గ్రంథంలోనూ, ఏ ఫొటోలోనూ దొరకని ఆధారాలు.